గాజుతొట్టిలో ఇరుగుపొరుగు

ఏన్కూరు, జూలూరుపాడు, తల్లాడ వైపు పిల్లలకు చేపల గురించి చెప్పాలంటే కొంచెం జంకవలసిందే. వాళ్ళకి ముందే చాలా తెలుసు. ఏ చేప పైనీళ్ళలో తిరుగుతుందో, ఏది బురదలో దాక్కుంటుందో, కొర్రమీను ఉన్న గుంటలో చిన్నచేపలు ఎందుకు మిగలవో వాళ్ళకి చెరువుగట్టే నేర్పింది. అటువంటి పిల్లలు కూడా ఖమ్మంలోనో కొత్తగూడెంలోనో అక్వేరియం దుకాణం ముందు నిలబడగానే ఆ చదువంతా మరిచిపోతారు. నీలం, పసుపు, నారింజ రంగుల చేపలు కళ్ళు చెదరగొడతాయి. ‘‘ఇవన్నీ కలిసి ఉంటాయా?’’ అని అడుగుతారు. ‘‘ఉంటాయి బాబూ, తీసుకెళ్ళు’’ అంటాడు దుకాణదారు. రంగుకొకటి చొప్పున అరడజను చేపలు ప్లాస్టిక్ సంచిలో ఇంటికి వస్తాయి. నెల తిరిగేసరికి ఒకటో రెండో మిగులుతాయి. మిగిలినదానికి ‘రౌడీ చేప’ అని పేరు పెడతారు.

ఆ రంగురంగుల చేపల్లో చాలా భాగం ఆఫ్రికా సిక్లిడ్‌లు. పోట్లాటకు పేరుమోసినవి. వీటి పక్కన ఏ చేపలను ఉంచవచ్చు, ఏవి ఉంచకూడదు అన్నది ఈ వ్యాసం విషయం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తోడుచేపను రంగు చూసి ఎంచకూడదు; లెక్క చూసి ఎంచాలి. చోటు లెక్క, తిండి లెక్క, నీటి లెక్క. ఈ మూడింటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా, కొనకుండా తిరిగి రావడమే సరైన ఎంపిక. ఎందుకంటే ఇక్కడ జరిగే పొరపాటు గాజుతొట్టితో ఆగదు. అది మన చెరువుదాకా పోతుంది. ఎలాగో చూద్దాం.

చెరువు నేర్పిన పాఠం

ఇంగ్లీషువాళ్ళు మన దేశంలో చెరువుని ‘ట్యాంక్’ అన్నారు. అక్వేరియం తొట్టినీ ‘ట్యాంక్’ అనే అంటారు. మాట ఒకటే, సూత్రమూ ఒకటే. అందుకని ముందు చెరువు సంగతి చూడండి.

చెరువులో చేపపిల్లలు వదిలేటప్పుడు సాధారణంగా ఒకే రకం వదలరు. బొచ్చె, రోహు, మృగాల కలిపి వదులుతారు. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది. అది పైనీటిలో తేలే సన్నసన్నని ప్రాణులను తింటుంది. రోహు నడుమ నీటిలో తిరుగుతుంది. మృగాల నోరు కిందికి ఉంటుంది. అది అడుగున పేరుకున్న కుళ్ళిన ఆకు, అలము తింటుంది. మూడూ కలిసి బతుకుతున్నాయంటే అవి మంచి స్వభావం గలవని అర్థం కాదు. ఒకదాని విస్తట్లో మరొకటి మూతి పెట్టదు, అంతే. పిల్లలను వదిలేముందు చెరువులో కొర్రమీను, వాలుగ లాంటి వేటచేపలు లేకుండా చూసుకుంటారు. కొర్రమీను చెడ్డదని కాదు, దాని తిండి అది. తెలంగాణ రాష్ట్ర చేప కూడా అదే మరి!

ఈ పాఠాన్నే గాజుతొట్టికి వర్తింపజేయాలి. కాకపోతే ఆఫ్రికా సిక్లిడ్‌లు ఎక్కడినుంచి వచ్చాయో, అక్కడ ఎలా బతుకుతాయో ముందు తెలియాలి.

రౌడీనా, రైతా?

సిక్లిడ్ అనేది ఒక పెద్ద కుటుంబం పేరు. ఆఫ్రికాలో, అమెరికా ఖండాల్లో, మడగాస్కర్ దీవిలో, మన దేశంలో ఈ కుటుంబం చేపలున్నాయి. మన దేశానికి సొంతమైన సిక్లిడ్‌లు మూడే మూడు. 2010లో కేరళ ప్రభుత్వం రాష్ట్ర చేపగా ప్రకటించిన కరిమీన్ వాటిలో ఒకటి. తూర్పు ఆఫ్రికాలోని విక్టోరియా, టాంగన్యీకా, మలావీ సరస్సులలో మాత్రం వందల జాతుల సిక్లిడ్‌లు పుట్టాయి. వాటిలో ఎక్కువభాగం ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. టాంగన్యీకా సరస్సు లోతు దాదాపు 1,470 మీటర్లు. ప్రపంచంలో బైకాల్ సరస్సు తరువాత అంత లోతైనది అదే.

దుకాణాల్లో మనకు ఎక్కువగా కనిపించేవి మలావీ సరస్సు చేపలు. అక్కడ రాళ్ళగుట్టల ఒడ్డున ఉండే సిక్లిడ్‌లను స్థానికులు ‘ఎంబునా’ అంటారు. రాతిమీద పట్టిన నాచును, అందులోని చిన్నచిన్న పురుగులను గీక్కు తినడం వీటి పని. మగచేప ఒక బండను తనదిగా చేసుకుంటుంది. ఆ బండే దాని పొలం, ఆ బండే దాని పెళ్ళిపందిరి. ఆడచేప అక్కడికి వచ్చి గుడ్లు పెట్టి, వెంటనే వాటిని తన నోట్లోకి తీసుకుంటుంది. దాదాపు మూడు వారాలపాటు పిల్లలను నోట్లోనే సాకుతుంది. అన్నాళ్ళూ దాని తిండి నామమాత్రమే.

ఇక ఆ బండ దగ్గరకు మరో మగచేప వస్తే మొదటిది ఊరుకుంటుందా? తరుముతుంది. మిరపచేలో పడిన గొడ్డును తోలే రైతును మనం రౌడీ అంటామా? ఇదీ అంతే. సరస్సులో ఈ తరుముడు క్షణంలో ముగుస్తుంది. వచ్చిన చేప నాలుగు బారలు పారిపోతే చాలు, పొలం గట్టు దాటినట్టే, ఇక వెంటపడదు.

గాజుతొట్టిలో ఏమవుతుందో లెక్క వేయండి. ఒక మగచేప కాపలా కాసే చోటు 1 మీటరు వ్యాసమున్న వృత్తం అనుకుందాం. వృత్త వైశాల్యం సూత్రం మీకు తెలుసు. అది సుమారు 0.785 చదరపు మీటర్లు, అంటే దాదాపు 8 న్నర చదరపు అడుగులు. మనవాళ్ళు సాధారణంగా కొనే తొట్టి 2 అడుగుల పొడవు, 1 అడుగు వెడల్పు. దాని అడుగు 2 చదరపు అడుగులు. అంటే ఒక్క చేప కోరే చోటులో నాలుగో వంతు కూడా లేదు! అందులో ఆరు చేపలను వేస్తాం. పారిపోయే చేపకు పొలం గట్టు ఎక్కడుంది? గాజుగోడ ఉంది. గంటల తరబడి తరుముతూనే ఉంటే అది రెక్కలు చిరిగి, తిండి మానేసి చస్తుంది. తప్పు తరిమినదానిదా, ఆ తొట్టి కొన్నవారిదా? మీరే చెప్పండి.

4 అడుగుల పొడవు, 1 న్నర అడుగు వెడల్పు, 1 న్నర అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో సుమారు 255 లీటర్ల నీరు పడుతుంది. ఎంబునాలకు అది మొదటి మెట్టు అని నా ఉద్దేశం. దాని అడుగు కూడా 6 చదరపు అడుగులే. కాబట్టి రాళ్ళు పేర్చి, సందులు గూళ్ళు ఏర్పరచి, ఒక మూల ఉన్న చేపకు మరో మూల ఉన్నది కనపడకుండా చేయాలి. కంటికి కనపడని పొరుగువాడితో పేచీ తక్కువ.

ఎవరికి ఎవరంటే పడదు?

రెండో సంగతి. మగ సిక్లిడ్ అందరినీ సమానంగా తరమదు. తనలా ఉన్నదాన్నే ఎక్కువగా తరుముతుంది. జంతువుల నడవడిని పరిశీలించి 1973లో నోబెల్ బహుమతి పంచుకున్న కాన్రాడ్ లోరెంజ్, బాగా రంగులున్న చేపలు తమ జాతివాటినే తీవ్రంగా ఎదిరిస్తాయని రాశాడు. ఆ తరువాత 2004లో సీహాసెన్, ష్లూటర్ అనే శాస్త్రజ్ఞులు విక్టోరియా సరస్సు సిక్లిడ్‌ల మీద ఇదే విషయాన్ని పరీక్షించారు. ఒకే రంగు గల మగచేపల స్థావరాలు పక్కపక్కన ఉండటం తక్కువని తేల్చారు. కారణం ఊహించవచ్చు. తనలా ఉన్నవాడే తన తిండికీ, తన జంటకీ పోటీ వస్తాడు.

దీన్నిబట్టి మొదటి నియమం. ఒక తొట్టిలో ఒకే పోలిక గల రెండు జాతుల మగచేపలను పెట్టకూడదు. నీలం మీద నల్లచారలున్నది ఒకటి ఉంటే, అలాంటి చారలవి ఇంకో జాతి వద్దు. పసుపు పచ్చటిది, ఊదారంగుది, నీలిచారలది, ఇలా వేరువేరుగా ఎంచండి. ప్రతి జాతిలోనూ ఒక మగచేపకు మూడు నాలుగు ఆడచేపలుండాలి. ఒకే ఆడచేప ఉంటే మగచేప వేధింపంతా దాని మీదే పడుతుంది.

ఎంబునాలలో కూడా నెమ్మదివి ఉన్నాయి. ‘యెల్లో ల్యాబ్’ పేరుతో అమ్మే పసుపుపచ్చ చేప, ‘రస్టీ’ అని పిలిచే ఇటుకరంగు చేప అటువంటివి. ‘ఆరాటస్’ అని అమ్మేది చిన్నప్పుడు పసుపు, నలుపు చారలతో ముద్దుగా ఉంటుంది. పెద్దదయ్యాక దాని ఆగడం పట్టలేం. కొత్తగా మొదలుపెట్టేవారు దాని జోలికి పోకూడదు. మలావీలోనే ‘పీకాక్’ అనే మరో గుంపు ఉంది. నెమలిరంగుల అందగత్తెలవి, స్వభావం సాధువు. వాటిని ఎంబునాలతో కలిపితే నలిగిపోతాయి. పీకాక్‌లను వాటి తొట్టిలో వాటినే ఉంచడం మేలు.

తిండి, నీరు, ఇంటిపేరు

రెండో నియమం తిండిది. నాచు తినే చేపల పేగు పొడుగ్గా ఉంటుంది, మేత మేసే పశువుల పేగులాగా. మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న మేత రోజూ పడితే వాటి పొట్ట ఉబ్బి జబ్బు చేస్తుంది. వేటాడి తినే చేపకు నాచుబిళ్ళలు చాలవు. రెండింటినీ ఒకే తొట్టిలో పెట్టి ఒకే మేత వేస్తే ఎవరో ఒకరు బాధపడక తప్పదు.

మూడో నియమం నీటిది. మలావీ, టాంగన్యీకా నీళ్ళు క్షారగుణం గలవి, కఠిన జలాలు. మలావీలో పి.హెచ్. విలువ 8 దరిదాపుల్లో ఉంటుంది, టాంగన్యీకాలో 9 దరిదాపుల్లో. మీ బోరునీళ్ళలో సబ్బు నురగ రాకుండా తెల్లగా విరుగుతోందా? అయితే అందులో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ ఉన్నాయన్నమాట. బట్టలుతికే అమ్మను విసిగించే ఆ నీళ్ళే ఈ చేపలకు హాయి. అయితే అవే నీళ్ళు అమెజాన్ నదినుంచి వచ్చిన చేపలకు సరిపడవు. వాటికి మెత్తటి, కొంచెం ఆమ్లగుణమున్న నీళ్ళు కావాలి.

ఇక్కడే చాలామంది మోసపోతారు. ఏంజెల్ చేప కూడా సిక్లిడే కదా, సిక్లిడ్‌తో సిక్లిడ్ కలుస్తుందిలే అనుకుంటారు. ఏంజెల్ చేపది అమెజాన్. మెల్లగా ఈదుతుంది, పొడవాటి రెక్కలు వేలాడుతుంటాయి. ఎంబునా దాన్ని ఒక్కరోజులో పీలికలు చేస్తుంది. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన ఒకే గదిలో ఇమడాలని ఎక్కడుంది? గోల్డ్‌ఫిష్, గప్పీల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. గోల్డ్‌ఫిష్‌ది చల్లనీటి వాటం, గప్పీ అయితే నోటిలో పట్టేంతే ఉంటుంది.

అయితే అసలు సిక్లిడ్ కాని తోడు ఏదీ లేదా? ఉంది. ఆఫ్రికాలోనే పుట్టిన సినోడాంటిస్ అనే మీసాల చేపలు. మన జెల్లలాగా ఉంటాయి. అడుగున తిరుగుతాయి, చీకటిపడ్డాక మేస్తాయి, రూపంలో సిక్లిడ్‌ను పోలవు. చోటులో, వేళలో, పోలికలో పోటీ లేదు కాబట్టి గొడవ లేదు. కానీ వీటిలో ఒక గడుసుది ఉంది. టాంగన్యీకాలోని ఒక సినోడాంటిస్, సిక్లిడ్‌లు గుడ్లు పెట్టే సమయం చూసి మధ్యలో దూరి తన గుడ్లు వదులుతుంది. తల్లి సిక్లిడ్ తన గుడ్లతోపాటు వాటినీ నోట్లోకి తీసుకుంటుంది. ముందుగా పొదిగిన ఆ పిల్లలు తల్లినోట్లోనే సిక్లిడ్ పిల్లలను తినేస్తాయి! కాకిగూట్లో కోకిల గుడ్డు పెట్టినట్టే. 1986లో జపాన్ శాస్త్రజ్ఞుడు టెట్సు సాటో ఈ సంగతి బయటపెట్టాడు. దీనికి ఎదురు ఉదాహరణ మన సిక్లిడ్‌లలోనే ఉంది. నారింజరంగు క్రోమైడ్ పిల్లలు కరిమీన్ ఒంటిమీది పరాన్నజీవులను ఏరి శుభ్రం చేస్తాయని 1972లో వైమన్, వార్డ్ అనే శాస్త్రజ్ఞులు వివరించారు. పొరుగు ఎంత రకాలుగా ఉంటుందో చూశారా?

కిక్కిరిస్తే గొడవ తగ్గుతుందా?

చేపలు పెంచేవారిలో ఒక వాదం ఉంది. తొట్టిలో చేపలను ఎక్కువ వేస్తే ఎవరికీ సొంత చోటు దక్కదు, ఒకరి కోపం పదిమంది మీద పంచబడుతుంది, కాబట్టి ఎవరూ చావరు అంటారు. ఇందులో నిజం లేకపోలేదు. పెద్ద తొట్టి, బలమైన ఫిల్టరు, అనుభవం ఉన్నవారు ఇలా చేసి నెగ్గుకొస్తారు. కానీ విద్యార్థులైన మీకు నేను దీన్ని సిఫారసు చేయను. కారణం రసాయనశాస్త్రంలో ఉంది.

చేపలు ఎక్కువైతే విసర్జించే అమ్మోనియా ఎక్కువవుతుంది. ఫిల్టరులో ఉండే బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆపైన అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తాయి. కరెంటు పోయి ఫిల్టరు ఆగితే ఆ పనీ ఆగుతుంది. పైగా నీటిలో క్షారగుణం పెరిగినకొద్దీ అమ్మోనియాలో విషపూరితమైన భాగం పెరుగుతుంది. అంటే సిక్లిడ్‌లకు నచ్చే నీటిలోనే అమ్మోనియా మరింత ప్రమాదం. గాలివాన వచ్చి ఊళ్ళో రాత్రంతా కరెంటు లేకపోతే, కిక్కిరిసిన తొట్టిలో తెల్లవారేసరికి ఎన్ని బతికుంటాయి? కొద్ది చేపలు, వారం వారం నాలుగో వంతు నీరు మార్చడం, ఇదే మనకు తగిన దారి.

కొత్త చేపను చేర్చే పద్ధతికి కూడా శాస్త్రం ఉంది. ఈ చేపలకు పొరుగువారి బలాబలాలు బాగా తెలుసు. అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో 2007లో ఫెర్నాల్డ్ బృందం ఒక చక్కని ప్రయోగం చేసింది. ఒక మగ సిక్లిడ్ గాజులోంచి చూస్తుండగా వేరే మగచేపల మధ్య పోట్లాటలు జరిపారు. మొదటిది రెండోదాన్ని గెలిచింది, రెండోది మూడోదాన్ని, మూడోది నాలుగోదాన్ని, నాలుగోది అయిదోదాన్ని. తరువాత, ఎన్నడూ తలపడని రెండో చేపనూ నాలుగో చేపనూ చెరోపక్క చూపించారు. చూస్తున్న చేప బలహీనమైన నాలుగోదాని వైపే వెళ్ళింది. చూసినదాన్నిబట్టి చూడనిదాన్ని ఊహించిందన్నమాట! మీ లెక్కల మాస్టారు చెప్పే సంక్రమణ ధర్మం ఇదే కదా.

అంతటి తెలివి ఉన్న చేపలు తొట్టిలోని ప్రతి బండకూ ఒక యజమానిని గుర్తుపెట్టుకుంటాయి. కొత్తచేపకు అక్కడ సెంటు భూమి మిగలదు. అందుకని కొత్తవాటిని వేసేముందు రాళ్ళన్నీ తీసి మరో విధంగా పేర్చాలి. గట్లు చెరిగిపోయి, అందరూ మళ్ళీ మొదటినుంచి పంచుకోవాలి. ఒంటరిగా ఒకదాన్ని కాక మూడు నాలుగింటిని ఒకేసారి, దీపం ఆర్పిన తరువాత వదలాలి.

తొట్టినుంచి చెరువులోకి

ఇప్పుడు అసలు భయానికి వద్దాం. కలవని చేపను ఏం చేస్తారు? చంపడానికి మనసొప్పదు. ‘‘పాపం, బతుకుతుంది’’ అని చెరువులో వదిలేస్తారు. జాలిపడి చేసే ఆ పనే ఎంతో హాని చేయగలదు.

గాజు నాకి శుభ్రం చేస్తుందని చెప్పి సిక్లిడ్‌లతో కలిపి ఒక సక్కర్ చేపను అంటగడుతుంటారు. దుకాణంలో వేలెడు ఉంటుంది, పెరిగితే అడుగున్నర. దక్షిణ అమెరికాది. ఒంటినిండా ఎముక పెంకులుంటాయి కాబట్టి మన చేపలు, కొంగలు దాన్ని అంత తేలిగ్గా తినలేవు. గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది. ఇలా వదిలేసినవి ఇవాళ ఆంధ్రప్రదేశ్ చెరువుల్లో, కాలువల్లో పెరిగి జాలరుల వలలు చింపుతున్నాయి. దెయ్యం చేప అని తిట్టుకుంటున్నారు.

ఆఫ్రికా సిక్లిడ్ అయితే మన దేశపు నీళ్ళలో ఏనాడో చేరింది. అదే తిలాపియా, మనవైపు చాలామంది జిలేబి అంటారు. పేదలకు చవకగా మాంసకృత్తులు దొరుకుతాయని 1952లో బాంకాక్ నుంచి తమిళనాడులోని మండపానికి తెచ్చారు. ఆశయం మంచిదే. కానీ ఈ చేప కొన్ని నెలల వయసులోనే పిల్లలు పెడుతుంది, పిల్లలను నోట్లో దాచి కాపాడుతుంది, దొరికినదల్లా తింటుంది. చెరువు కిక్కిరిస్తే ఒళ్ళు పెరగడం మానేసి అరచేతి సైజులోనే మళ్ళీ గుడ్లు పెడుతుంది. 1959 నాటికే దీన్ని కొత్త నీళ్ళలోకి చేర్చకూడదని ప్రభుత్వ చేపల పరిశోధన సంఘం ఆంక్ష పెట్టింది. అప్పటికే ఆలస్యమైంది. తమిళనాడులో వైగై, అమరావతి వంటి జలాశయాల్లో అదే రాజ్యమేలింది. నిబంధనల ప్రకారం, మగపిల్లలను మాత్రమే కట్టుదిట్టమైన గుంటల్లో పెంచితే తిలాపియా రైతుకు మేలు చేసే చేపే. గట్టు దాటితేనే చిక్కు.

తప్పు పొరుగును తెచ్చిపెడితే ఎంత నష్టమో సిక్లిడ్‌ల పుట్టింట్లోనే చూడవచ్చు. విక్టోరియా సరస్సులో 1950లలో నైలు పెర్చ్ అనే పెద్ద వేటచేపను వదిలారు. 1980ల నాటికి అది విపరీతంగా పెరిగింది. సరస్సు నీరు కలుషితమవడం కూడా తోడై, ఆ సరస్సుకే సొంతమైన సిక్లిడ్ జాతులు సుమారు 200 కనుమరుగయ్యాయి. మన తొట్టిలో ఆరు చేపలకు జరిగిందే అక్కడ ఒక సముద్రమంత సరస్సుకు జరిగింది.

‘‘మా ఊరి చెరువులో ఒక్క చేప వదిలితే ఏమవుతుందండీ? ఎలాగూ జిలేబి ఉండనే ఉంది’’ అని మీరు అడగవచ్చు. ఏన్కూరు పటం ఒకసారి తీసి చూడండి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్ళు, అంటే కృష్ణ నీళ్ళు, ఆ వైపు పారతాయి. 2025లో సీతారామ ఎత్తిపోతల పథకం లింకు కాలువ ద్వారా గోదావరి నీళ్ళు ఏన్కూరు దగ్గర ఆ సాగర్ కాలువలోనే కలిశాయి. రైతుకు అది వరమే. కానీ ఇప్పుడక్కడ రెండు నదుల నీళ్ళకు పొత్తు కుదిరింది. వానాకాలంలో చెరువు నిండి అలుగు పారితే చేప వాగులోకి, వాగునుంచి కాలువలోకి పోతుంది. మీరు వదిలింది ఒక గుంటలోనే కావచ్చు, అది ఎక్కడ తేలుతుందో ఎవరూ చెప్పలేరు. ఇంట్లో జబ్బు ఒకటి ఉంది కదా అని రెండోది తెచ్చుకుంటామా?

మరి ఏం చేయాలి?

కలవని చేప ఉంటే దుకాణానికి తిరిగి ఇవ్వండి; డబ్బు రాకపోయినా సరే. లేదా పెద్ద తొట్టి ఉన్నవారికి ఇవ్వండి. అంతవరకూ తొట్టి మధ్య జల్లెడలాంటి అడ్డు పెట్టి విడిగా ఉంచండి. చచ్చినదాన్ని మట్టిలో పూడ్చండి. తొట్టి కడిగిన నీళ్ళు చెట్లకు పోయండి, కాలువలో పారబోయకండి.

కొనదలచినవారు ముందు ఒక కాగితం మీద నాలుగు గళ్ళు గీయండి: పుట్టిన చోటు, పెరిగే పొడవు, తినే తిండి, ఒప్పే నీరు. అనుకున్న ప్రతి చేపకూ ఆ గళ్ళు నింపండి. నింపలేకపోతే ఆ చేప కొనడానికి మీరింకా సిద్ధంగా లేరన్నమాట.

పాఠశాలలో పెద్ద తొట్టి ఉంటే ఒక పరిశీలన చేయండి. రోజూ ఒకే వేళకు 10 నిమిషాలు కూర్చుని ఏ చేప దేన్ని ఎన్నిసార్లు తరిమిందో రాయండి. వారం తరువాత రాళ్ళు మార్చి పేర్చి, మరో వారం రాయండి. రెండింటికీ గ్రాఫు గీసి పోల్చండి. ఏ చేప రెక్కయినా చిరిగితే ప్రయోగం ఆపి దాన్ని వేరుచేయండి.

తొట్టి లేనివారు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. ఆఫ్రికా సిక్లిడ్ సంసారం చూడటానికి పైసా ఖర్చులేని చోటు ఉంది. ఎండాకాలంలో నీరు తేటబడి తగ్గినప్పుడు, ఈత వచ్చిన పెద్దవారిని వెంటబెట్టుకుని, నీళ్ళలో దిగకుండా గట్టుమీదనుంచే చెరువు అంచులోకి చూడండి. పళ్ళెమంత గుండ్రటి గుంటలు వరసగా కనిపిస్తే అవి తిలాపియా మగచేపలు తవ్వుకున్న గూళ్ళు. ఒక్కోదాని మీద నల్లబడిన మగచేప ఒకటి కాపలా తిరుగుతుంటుంది. పక్క గుంటవాడు ఎంత దగ్గరకు వస్తే అది తరుముతుందో గమనించండి. ఆ దూరం ఎన్ని జానలు ఉంటుందో అంచనా కట్టి నోటుపుస్తకంలో రాసుకోండి. ఆ తరువాత అక్వేరియం దుకాణానికి వెళ్ళి అక్కడి 2 అడుగుల తొట్టిని మరొకసారి చూడండి. ‘‘కలిసి ఉంటాయా?’’ అన్న ప్రశ్నకు జవాబు మీరే చెప్పగలుగుతారు.